ఒకే యూనివర్సిటీ, కోర్సుకో కొలత: అడ్మిషన్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

"ఫలానా యూనివర్సిటీలో సీటు రావాలంటే ఎన్ని మార్కులు కావాలి?" అని అడిగితే, ఏ కోర్సుకో తెలియకుండా ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. పైన యూనివర్సిటీ పేరు ఒకటే అయినా లోపల ఒక్కో విభాగం తనకు కావలసిన విద్యార్థుల్ని తన పద్ధతిలో ఎంచుకుంటుంది. ఈ సంగతి తెలియక మంచి విద్యార్థులు కొందరు భయపడి అసలు అప్లై చేయరు. మరికొందరు మొత్తం మార్కులు చూసుకుని ధీమాగా అప్లై చేసి దెబ్బతింటారు. ఆ రెండూ జరగకూడదనే ఈ పేజీ. ఉదాహరణలు వేర్వేరు దేశాలవి. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి అప్లై చేసే ముందు మీ కోర్సు పేజీని మీ కళ్లతో ఒకసారి చూసుకోండి.

ఒకే యూనివర్సిటీలో ఒక కోర్సుకి 95 శాతం కావాలంటారు, ఇంకో కోర్సుకి 70 చాలంటారు. అంత తేడా ఎందుకు?

అన్నిటికంటే పెద్ద కారణం సీట్లు. చరిత్రలోనో సాహిత్యంలోనో ఇంకో ఇరవై మందిని చేర్చుకోవాలంటే కాస్త పెద్ద గది, ఇంకో లెక్చరర్ ఉంటే పని జరుగుతుంది. వైద్యంలో అలా కుదరదు. ప్రతి విద్యార్థికీ ఆసుపత్రిలో పేషెంట్ల దగ్గర నేర్చుకునే వీలు, పక్కనుండి నేర్పే సీనియర్ డాక్టరు ఉండాలి. అందుకే బ్రిటన్‌లో ఎంబీబీఎస్ సీట్లను యూనివర్సిటీలు తమకు తోచినన్ని పెంచుకోలేవు, ప్రభుత్వమే పరిమితి పెడుతుంది. వెటర్నరీ, డెంటల్, ఫిజియోథెరపీ కోర్సులకూ ఇదే ఇబ్బంది: ప్రాక్టికల్ శిక్షణకు చోటు ఎంత ఉంటే సీట్లు అన్నే.

తర్వాతది గిరాకీ. కంప్యూటర్ సైన్స్‌లో ఉద్యోగాలు బాగున్నాయన్న మాట వినపడగానే అప్లికేషన్లు పెరిగిపోతాయి. కానీ ఆ సబ్జెక్టు చెప్పే ప్రొఫెసర్లు అంత త్వరగా దొరకరు, కంపెనీలు ఇచ్చే జీతాలతో యూనివర్సిటీలు పోటీ పడలేవు. సీట్లు అక్కడే ఆగిపోతాయి, కటాఫ్ పైకి పోతుంది.

ఇక మూడోది, కోర్సు మొదటి సెమిస్టర్‌లోనే ఏం అడుగుతుందన్నది. ఇంజనీరింగ్‌లో మొదటి వారంలోనే కాల్క్యులస్ మొదలైతే, అది అంతకుముందు చూడని విద్యార్థి ఎంత తెలివైనవాడైనా కష్టపడతాడు. విభాగాలు ఈ అనుభవంతోనే నిబంధనలు రాసుకుంటాయి.

కటాఫ్‌ని ఎవరు నిర్ణయిస్తారు?

చాలా చోట్ల ఎవరూ ముందుగా కూర్చుని నిర్ణయించరు. అది అడ్మిషన్లు అయిపోయాక మిగిలే అంకె.

జర్మనీలో 'నుమెరస్ క్లాజస్' అని ఒక మాట బాగా వాడతారు. సీట్లు పరిమితంగా ఉన్న కోర్సులకు ఇది వర్తిస్తుంది. అక్కడి స్కూల్ ఫైనల్ అయిన ఆబిట్యూర్‌లో 1.0 అన్నిటికంటే మంచి గ్రేడు. "ఈ కోర్సు నుమెరస్ క్లాజస్ 1.4" అంటే యూనివర్సిటీ 1.4 అని గీత గీసిందని కాదు. పైనుంచి సీట్లు నింపుకుంటూ వస్తే ఆఖరి సీటు దక్కిన విద్యార్థి గ్రేడు 1.4 అయిందని అర్థం. వచ్చే ఏడాది అప్లికేషన్లు తగ్గితే అదే కోర్సు 1.7 దగ్గర ఆగొచ్చు.

ఐర్లండ్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ స్కూల్ చివరి పరీక్షలో ఉత్తమమైన ఆరు సబ్జెక్టులకు పాయింట్లు వేస్తారు, గరిష్ఠం 625. ఆఖరి సీట్ల దగ్గర ఒకే పాయింట్లతో ఎక్కువమంది ఉంటే కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్య ప్రకారం తేలుస్తారు. అంటే సమానమైన పాయింట్లు ఉన్న ఇద్దరిలో ఒకరికి సీటు వస్తుంది, ఇంకొకరికి రాదు. రానివాళ్ల చదువులో ఏ లోపమూ లేదు.

ఆస్ట్రేలియా విద్యార్థులు 'ఏటార్' అని చెప్పుకునేది కూడా మార్కు కాదు, ర్యాంకు. 99.95 దాని గరిష్ఠం. ఏటార్ 80 అంటే పరీక్షలో 80 శాతం మార్కులని అనుకుని కంగారుపడే తల్లిదండ్రులు ఉన్నారు. తన వయసు విద్యార్థుల్లో ఎక్కడ నిలిచారో అది చెబుతుంది, అంతే.

కటాఫ్ ఎక్కువున్న కోర్సు మంచిదని, కష్టమైనదని అర్థమా?

రెండూ కాదు. ముప్పై సీట్లున్న కోర్సుకి ఎనిమిది వందల మంది వస్తే కటాఫ్ ఆకాశంలో ఉంటుంది, లోపల పాఠం తేలికైనా సరే. భౌతికశాస్త్రానికి సీట్లు ఎక్కువ, అడిగేవాళ్లు తక్కువ కావడంతో చాలా చోట్ల కటాఫ్ తక్కువగా కనిపిస్తుంది. చేరాక దాన్ని తేలిక అన్నవాళ్లు నాకు ఎవరూ తగల్లేదు.

కొన్ని చోట్ల అందరినీ రానిచ్చి, వడపోత లోపల పెడతారు. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరిస్ యూనివర్సిటీకి ప్రవేశ పరీక్ష లేదు. స్కూలు పూర్తిచేసినవాళ్లెవరైనా చేరొచ్చు, కానీ ముందు ఒక ఉమ్మడి ప్రాథమిక దశ దాటాలి. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో వైద్యం, డెంటల్ లాంటి కొన్నిటికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, మిగతా చాలా బ్యాచిలర్స్ కోర్సుల్లో నేరుగా చేరిపోవచ్చు. అసలు పరీక్ష మొదటి ఏడాదిలో ఎదురవుతుంది. ఇలాంటి చోట అడ్మిషన్ ప్రమాణం చూసి కోర్సు స్థాయిని అంచనా వేస్తే పూర్తిగా పొరబడతాం.

యూనివర్సిటీ మొత్తం మీద అడ్మిషన్ రేటు 30 శాతం అని రాశారు. నా అవకాశం కూడా అంతేనా?

కాదు. ఆ సగటు మీ గురించి ఏమీ చెప్పదు. దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది, కాస్త వివరంగా చూడటం మంచిది.

1973లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్లీ క్యాంపస్‌లో పీజీ అడ్మిషన్లకు అప్లై చేసిన మగవాళ్లలో సుమారు 44 శాతం మందికి, ఆడవాళ్లలో 35 శాతం మందికి సీట్లు వచ్చాయి. ఆ రెండు అంకెలే చూస్తే ఎవరికైనా వివక్ష అనిపిస్తుంది. పీటర్ బికెల్, మరో ఇద్దరు పరిశోధకులు విభాగాల వారీగా లెక్క తీసి 1975లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. విడివిడిగా చూస్తే ఆడవాళ్లకు వ్యతిరేకంగా నడిచిన విభాగాలు పెద్దగా కనపడలేదు. కొన్నిటిలో వాళ్లకే ఎక్కువ శాతం సీట్లు వచ్చాయి.

ఆరు పెద్ద విభాగాల లెక్క ఇప్పటికీ స్టాటిస్టిక్స్ క్లాసుల్లో చెబుతారు. వాటిలో ఒక విభాగానికి 825 మంది మగవాళ్లు, 108 మంది ఆడవాళ్లు అప్లై చేశారు. మగవాళ్లలో 62 శాతం, ఆడవాళ్లలో 82 శాతం ఎంపికయ్యారు. ఇంకో విభాగానికి 373 మంది మగవాళ్లు, 341 మంది ఆడవాళ్లు. అక్కడ మగవాళ్లలో 6 శాతం, ఆడవాళ్లలో 7 శాతం మందికే సీటు దొరికింది. సీట్లు సులువుగా దొరికే విభాగాలకు మగవాళ్లు ఎక్కువగా వెళ్లారు, గట్టి పోటీ ఉన్న విభాగాలకు ఆడవాళ్లు ఎక్కువగా వెళ్లారు. అన్నీ కలిపి ఒక్క శాతంగా చెప్పేసరికి అసలు విషయం తలకిందులైంది.

ఒకే క్యాంపస్‌లో, ఒకే ఏడాది, ఒక విభాగంలో 82 శాతం, ఇంకో విభాగంలో 7 శాతం. ఇక యూనివర్సిటీ సగటు చూసి ఏం తెలుస్తుంది? ఏ యూనివర్సిటీ అయినా కోర్సు వారీ అంకెలు ఇస్తే అవే చూడండి. ఇవ్వకపోతే అడగండి.

నాకు మొత్తం మార్కులు బాగా వచ్చాయి. అయినా "అర్హత లేదు" అన్నారు. ఎలా?

బహుశా అడిగిన సబ్జెక్టు మీ దగ్గర లేదు. తిరస్కరణల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేవి ఇవే, ఎందుకంటే ఇవి రెండేళ్ల ముందే తప్పించుకోగలిగినవి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎకనామిక్స్ బ్యాచిలర్స్ చదవాలంటే ఏ లెవెల్ (బ్రిటన్‌లో స్కూల్ చివరి పరీక్షలు) స్థాయిలో గణితం తప్పనిసరి. మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని మంచి గ్రేడ్లు ఉన్నా గణితం లేకపోతే అప్లికేషన్ ముందుకు కదలదు. ఎకనామిక్స్ అంటే ఆర్ట్స్ సబ్జెక్టే కదా అనుకుని పదహారేళ్ల వయసులో గణితం వదిలేసిన పిల్లలకు ఇది ఆలస్యంగా తెలుస్తుంది. చాలా చోట్ల వైద్యానికి కెమిస్ట్రీ కూడా అలాగే.

గణితానికి ఇచ్చే విలువ ఐర్లండ్‌లో పాయింట్లలోనే కనిపిస్తుంది. పై స్థాయి గణితం పాసైతే అదనంగా 25 పాయింట్లు ఇస్తారు. అయితే ఉత్తమమైన ఆరు సబ్జెక్టుల్లో గణితం ఒకటైతేనే అవి లెక్కలోకి వస్తాయి.

మార్కులు ఉన్నాక మళ్లీ విడిగా ప్రవేశ పరీక్షలు ఎందుకు?

అప్లై చేసిన అందరికీ టాప్ గ్రేడ్లే ఉంటే వాటితో ఎవరినీ విడదీయలేరు కాబట్టి. పరీక్షను చూస్తే కోర్సు స్వభావం తెలిసిపోతుంది.

కేంబ్రిడ్జిలో గణితానికి 'స్టెప్' అనే పరీక్ష రాయాలి. ఒక్కో పేపరు మూడు గంటలు. 12 ప్రశ్నలు ఇస్తారు, మీరు రాసినవాటిలో బాగా చేసిన ఆరింటికే మార్కులు లెక్కిస్తారు. అంటే ఒక్కో ప్రశ్నకు దాదాపు అరగంట. స్కూలు పరీక్షలో ఒక లెక్క ఐదు నిమిషాల్లో చేసేసి తర్వాతదానికి పరుగెత్తే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇరవై నిమిషాలు దారి దొరకకపోయినా వదలకుండా ఆలోచించగలరా అన్నదే వాళ్లు చూస్తారు, ఎందుకంటే ఆ డిగ్రీ మూడేళ్లూ చేయాల్సింది అదే.

న్యాయశాస్త్రానికి బ్రిటన్‌లోని కొన్ని యూనివర్సిటీలు అడిగే 'ఎల్‌నాట్'లో చట్టం గురించి ఒక్క ప్రశ్నా ఉండదు. పేరాలు ఇచ్చి 42 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు అడుగుతారు, తర్వాత ఒక వ్యాసం రాయిస్తారు. రచయిత అన్నదానికీ మనం ఊహించుకున్నదానికీ తేడా పట్టుకోగలరా, ఒక వాదాన్ని కట్టి నిలబెట్టగలరా అని పరీక్ష. పాత పేపరు ఒకటి టైమ్ పెట్టుకుని రాసి చూడమని నేను గట్టిగా చెబుతాను. ఆ పని మీకు నచ్చుతుందో లేదో అక్కడే సగం తేలిపోతుంది.

వైద్యానికి మార్కులు, పరీక్ష, ఇంటర్వ్యూ, అనుభవం... ఇన్ని ఎందుకు?

మంచి మార్కులు వచ్చిన ప్రతివాళ్లూ భయంలో ఉన్న మనిషితో ఓపికగా మాట్లాడగలరని లేదు. అందుకే 'మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ' అనే పద్ధతి వచ్చింది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మొదలై చాలా దేశాలకు పాకింది. వరుసగా కొన్ని గదులుంటాయి. ప్రతి గది తలుపు మీద ఒక సన్నివేశం రాసి ఉంటుంది, చదువుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు ఇస్తారు. గంట మోగగానే లోపలికి వెళ్లి కొద్ది నిమిషాలు మాట్లాడాలి. లోపల ఒక నటుడు కోపంగా ఉన్న పేషెంటు బంధువుగా కూర్చుని ఉండొచ్చు. ఒక గదిలో తడబడినా పక్క గదిలో కొత్త మనిషి మీకు కొత్తగా మార్కులేస్తారు. ఒకే ఇంటర్వ్యూలో ఒక్కరి అభిప్రాయం మీద భవిష్యత్తు ఆధారపడటం కంటే ఇది న్యాయమని నా నమ్మకం.

జర్మనీలో ఈ విషయం కోర్టుకే వెళ్లింది. 2017 డిసెంబరు 19న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, వైద్య సీట్ల కేటాయింపు పద్ధతి కొంత భాగం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తర్వాత 2020 నుంచి నియమాలు మార్చారు. ఇప్పుడు 30 శాతం సీట్లు ఆబిట్యూర్ గ్రేడుకి, 10 శాతం గ్రేడుతో సంబంధం లేని అర్హతలకి, 60 శాతం యూనివర్సిటీల సొంత ఎంపికకి. ఆ సొంత ఎంపికలోనూ గ్రేడు ఒక్కటే చూస్తే సరిపోదు.

సంగీతం, ఆర్కిటెక్చర్, డిజైన్ కోర్సులకు మార్కులు అక్కర్లేదా?

కనీస మార్కులు చాలా చోట్ల అడుగుతారు, కానీ సీటు తేల్చేది ఆడిషన్ లేదా పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పనుల నమూనాల సంకలనం). సంగీతంలో ముందు రికార్డింగ్ పంపమంటారు, అది నచ్చితేనే ఆడిషన్‌కి పిలుస్తారు. పోర్ట్‌ఫోలియోలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది: ఫోటో చూసి నున్నగా గీసిన బొమ్మలతో నింపేయడం. చూసేవాళ్లకు కావలసింది మీరు ఎలా ఆలోచిస్తారన్నది. ఎదురుగా ఉన్న కుర్చీని మూడు కోణాల్లో గీసిన పేజీ, కుదరక కొట్టేసిన గీతలు, పక్కన రాసుకున్న నోట్సు, ఆ తర్వాత వచ్చిన నమూనా. వీటిని దాచేయకండి.

కొన్ని యూనివర్సిటీలు చేరేటప్పుడు కోర్సే అడగవట కదా?

నిజమే. అమెరికాలోని ఎంఐటీలో బ్యాచిలర్స్‌కి చేరేవాళ్లను సబ్జెక్టు వారీగా తీసుకోరు, మొదటి ఏడాది తర్వాత మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటారు. అదే దేశంలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ లాంటి చోట లోపల ఏ కాలేజీకి అప్లై చేశారన్నది ముఖ్యం, కంప్యూటర్ సైన్స్ స్కూల్‌కి పోటీ వేరు. కాలిఫోర్నియాలో సాన్ లూయిస్ ఒబిస్పోలోని కాల్ పాలీ యూనివర్సిటీలో అప్లికేషన్‌లోనే మేజర్ రాయాలి. కాబట్టి అప్లికేషన్‌లో 'ఇష్టమైన సబ్జెక్టు' అన్న గడి కనిపిస్తే, అది సమాచారం కోసమేనా, దాని మీదే ఎంపిక జరుగుతుందా అన్నది ముందు తెలుసుకోండి.

ముందు సులువుగా దొరికే కోర్సులో చేరి తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి మారిపోతే?

ఈ సలహా చాలామంది ఇస్తారు. దయచేసి దీన్ని నమ్మి ఏళ్లు పణంగా పెట్టకండి. గిరాకీ ఉన్న కోర్సులు లోపలి నుంచి వచ్చేవాళ్లకు కూడా విడిగా పోటీ పెడతాయి. కొన్ని సీట్లు ఖాళీ అయితేనే తీసుకుంటాయి, కొన్ని అసలు తీసుకోవు. ఈలోపు ఇష్టంలేని సబ్జెక్టుల్లో గ్రేడ్లు పడిపోతే ఉన్న అవకాశమూ పోతుంది. బయటి దేశంలో చదువుతుంటే వీసా, ఫీజు, స్కాలర్‌షిప్ లెక్కలు కూడా తారుమారవుతాయి.

నేను అడిగే ప్రశ్న ఒకటే: మారడానికి కుదరకపోతే ఈ కోర్సునే పూర్తిచేయడం మీకు ఇష్టమేనా? అవునంటే చేరండి. కాదంటే, మీకు కావలసిన కోర్సు ఉన్న ఇంకో యూనివర్సిటీ, పేరు చిన్నదైనా, మేలు.

గడువులు కూడా కోర్సుని బట్టి మారతాయా?

మారతాయి, అదే చాలామంది కొంప ముంచుతుంది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలతో పాటు ఎక్కువ శాతం వైద్య, డెంటల్, వెటర్నరీ కోర్సుల గడువు అక్టోబరు 15. మిగతావాటికి జనవరి దాకా టైమ్ ఉంటుంది. అక్కడ ఒక ఏడాదికి ఐదు కోర్సులు ఎంచుకోవచ్చు, వాటిలో వైద్యం నాలుగుకి మించకూడదు. నెదర్లాండ్స్‌లో సీట్లు పరిమితంగా ఉన్న 'నుమెరస్ ఫిక్సస్' కోర్సులకు జనవరి 15 గడువు. మిగతా కోర్సుల తేదీ చూసుకుని నిదానంగా ఉన్నవాళ్లు దీన్ని పోగొట్టుకుంటారు.

మాస్టర్స్, పీహెచ్‌డీలో పద్ధతి వేరా?

పూర్తిగా వేరు. బ్యాచిలర్స్‌లో యూనివర్సిటీ మాట కొంతైనా నడుస్తుంది, పీజీలో నిర్ణయం దాదాపు విభాగానిదే. అమెరికాలో వైద్యం, న్యాయం డిగ్రీ తర్వాతి చదువులు. వైద్యానికి రాసే ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 మధ్య, న్యాయానికి రాసే ఎల్‌శాట్ 120 నుంచి 180 మధ్య ఉంటుంది. చాలా ఎంబీఏ కోర్సులు ఉద్యోగ అనుభవం చూస్తాయి.

పీహెచ్‌డీ సంగతి ఇంకోలా ఉంటుంది. ప్రొఫెసర్ దగ్గర ఆ ఏడాది ఫండింగ్ ఉందా, మీ ఆసక్తి ఆయన చేస్తున్న పనికి దగ్గరగా ఉందా అన్నవి ముఖ్యం. గ్రేడ్లు ఎంత బాగున్నా, మీకు నచ్చిన అంశం మీద పనిచేసేవాళ్లే ఆ విభాగంలో లేకపోతే సీటు రాదు. పక్క యూనివర్సిటీలో అదే అప్లికేషన్‌కి ఫండింగ్‌తో సహా సీటు రావచ్చు. రికమండేషన్ లెటర్లలో కూడా "మంచి విద్యార్థి" అన్న పొగడ్త కంటే, మీరు చేసిన ఒక ప్రాజెక్టు గురించి దగ్గరుండి చూసినవాళ్లు రాసిన రెండు పేరాలు ఎక్కువ పనిచేస్తాయి.

భాషా పరీక్ష స్కోరు అన్ని కోర్సులకీ ఒకటేనా?

సాధారణంగా కాదు. ఇంజనీరింగ్‌కి ఐఈఎల్‌టీఎస్ 6.5 చాలన్న యూనివర్సిటీయే న్యాయం, వైద్యం, నర్సింగ్, టీచింగ్ కోర్సులకు 7 లేదా 7.5 అడగొచ్చు. మొత్తం స్కోరుతో పాటు చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం ఒక్కొక్కదానిలో కనీస స్కోరు ఉందేమో చూడండి. మొత్తం సరిపోయి, రాయడంలో అర పాయింటు తగ్గి ఆగిపోయినవాళ్లు చాలామందే ఉంటారు.

"కనీస అర్హత" వేరు, "సాధారణంగా ఎంపికయ్యేవారి మార్కులు" వేరు అంటారు. ఏది చూడాలి?

రెండూ. కనీస అర్హత అంటే అప్లికేషన్ చదువుతారని హామీ, అంతవరకే. అది 60 శాతం ఉండి, చేరినవాళ్ల మార్కులు చాలావరకు 85 పైన ఉంటే, 62తో అప్లై చేయడంలో తప్పు లేదు, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. లిస్టు తయారు చేసేటప్పుడు కోర్సు వారీగా కిందటేడు అంకెలు పక్కపక్కన రాసుకోండి. ఒక్క ఏడాది అంకె చూసి తేల్చుకోకండి, మూడేళ్లవి దొరికితే కటాఫ్ ఎటు కదులుతోందో తెలుస్తుంది.

అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాస్తే జవాబిస్తారా?

ప్రశ్న సూటిగా ఉంటే చాలావరకు ఇస్తారు. "నాకు సీటు వస్తుందా?" అని రాస్తే వెబ్‌సైట్ లింకు పంపి ఊరుకుంటారు. దాని బదులు ఇలా అడగండి: ఈ కోర్సులో కిందటేడు ఎన్ని సీట్లు, ఎన్ని అప్లికేషన్లు? నేను చదివిన ఫలానా సబ్జెక్టు మీ గణిత నిబంధనకు సరిపోతుందా? సిలబస్ పంపితే చూసి చెబుతారా? ఈ కోర్సు రాకపోతే దగ్గరి కోర్సుకి నా అప్లికేషన్‌ని పరిశీలిస్తారా, విడిగా అప్లై చేయాలా? లోపల కోర్సు మారడానికి నియమం ఏమిటి, ఎక్కడ రాసి ఉంది? జవాబు వచ్చాక ఆ మెయిల్‌ని జాగ్రత్తగా దాచుకోండి, ముఖ్యంగా మీ సబ్జెక్టు సరిపోతుందని రాసిచ్చినప్పుడు. తర్వాత ఎవరైనా కాదంటే చూపించడానికి అదొక్కటే మీ చేతిలో ఉంటుంది.